నూట నలభై అడుగులు

రక్తం తీసే గది నుంచి
మందులిచ్చే గది దాకా
గుంటూరు పెద్దాసుపత్రిలో
నూట నలభై అడుగులు.
నేను లెక్కపెట్టాను.

నర్సు చెడ్డది కాదు.
తెల్లచీటీ రాసి చేతిలో పెట్టి
"పక్క బిల్డింగేనమ్మా" అంటుంది.
ఆమె ముందు బల్ల మీద ఇంకా పద్దెనిమిది మంది.

ఈ కాస్త దూరంలోనే మనుషులు తప్పిపోతారు.
సైకిల్ స్టాండు దగ్గర కుడికి తిరగాల్సినవాళ్లు
ఎడమకి తిరుగుతారు.
గేటు దాటితే ఆటో, ఆటో దిగితే ఊరు,
ఊరు చీటీ చూపించమనదు.
నేనూ ఎడమకే తిరిగాను ఒకప్పుడు.
కుడి ఎటో తెలుసుకోడానికి
ఏడు నెలలూ, పద్నాలుగు కిలోల ఒళ్లూ ఖర్చయ్యాయి.

సామ్రాజ్యం కూడా అలాగే వెళ్లిపోయింది.
రిజిస్టరులో రాయించిన ఫోను
ఎవరో సత్తెనపల్లి టైలరుది.
చివరి అంకె మార్చి మార్చి కొట్టాను.
ఎనిమిది మంది రాంగ్ నంబరన్నారు.
తొమ్మిదోది మోగి మోగి ఊరుకుంది.
అదే తనది.
అబద్ధం కూడా పూర్తిగా ఆడలేకపోయింది పాపం,
ఒక్క అంకె మేరకే ఆడింది.

మిర్చి యార్డు వెనక, కోల్డ్ స్టోరేజీల దారిలో
తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య వెతికాను.
అక్కడ అందరూ దగ్గుతారు.
ఘాటుకి దగ్గేదెవరో
రాత్రిళ్లు కూడా దగ్గేదెవరో
ముక్కుకి కట్టిన కొంగులు చెప్పవు.
"ఏం పనమ్మా ఆవిడతో?"
"చీటీల డబ్బు" అన్నాను. నోటికొచ్చింది.

అంతే, అందరూ ఒక్కటైపోయారు.
సామ్రాజ్యమా, నరసరావుపేట పోయిందిగా!
కాదొదినా, ఒంగోలు.
అసలు పనే మానేసిందమ్మా, పో.
అప్పులదాన్ననుకుని దాచేశారు.
ఇంత గట్టిగా దాచేవాళ్లు
అసలు సంగతి తెలిస్తే
అదే గోనెపట్టా మీద పక్కన కూర్చోనిస్తారా?
ఆ మాట నాకంటే ముందే
తను వెయ్యిసార్లు అనుకుని ఉంటుంది.

మూడోసారి వెళ్లినప్పుడు
టార్పాలిన్ పక్కన తనే నిలబడింది.
"ఎంత కట్టాలి?" అంది
అందరికీ వినబడేట్టు.
నేనెవరో తెలిసే అడిగింది.

రోడ్డు మీదకొచ్చాక
సంచిలోంచి కాఫీ సీసా తీసి
ఊపమన్నాను.
చప్పుడు లేదు.
బిళ్లల మీద దూది కుక్కుతాను,
బస్సులో గలగలమనకుండా.
పదకొండేళ్లుగా.
"రాత్రికొకటి, అన్నం తిన్నాక."
"తింటే ఏమవుద్ది?"
"తెల్లారుద్ది. కొళాయి దగ్గర బిందె పెడతా.
మా అత్తతో పోట్లాడతా."
మూత తీసి దూదిని వేలితో నొక్కింది.
ఆ కారం వేలు.
ఇప్పటికీ ఆ దూది మార్చలేదు నేను,
ఒక మూల ఎర్రగా ఉంటుంది.

మర్నాడు వచ్చింది.
నలభై అడుగులకి ఆగిపోయింది.
టీ తాగాం. యార్డు మనిషెవరో కనబడ్డాడని
సగం గ్లాసు వదిలేసి వెళ్లిపోయింది.
సాయంత్రం ఆఫీసు కాగితంలో సున్నా వేశాను.
చేరారా, చేరలేదా అని రెండే గళ్లు.
నలభై అడుగులకి గడి లేదు.

సోమవారం కబురు లేకుండా దిగింది.
నన్ను వెనక రమ్మని
తనే ముందు నడిచింది,
నెత్తిన టిక్కీ ఉన్నట్టు మెడ నిలబెట్టి.
సైకిల్ స్టాండు వచ్చింది.
ఒక క్షణం ఆగింది.
నేను చెయ్యి పట్టుకోలేదు,
పట్టుకోవాలనిపించినా.
కుడికి తిరిగింది.

కిటికీలోంచి గుమాస్తా:
"తోడొచ్చింది ఎవరు? ఏమవుతారు?"
అక్క అంటుందేమో, ఒదిన అంటుందేమో అని చూశాను.
"అప్పు వసూలుకొచ్చినావిడ" అంది.
నవ్వలేదు.
అతను తలెత్తి ఇద్దర్నీ చూసి
ఏం రాయాలో తెలియక
అక్కడ ఒక గీత గీశాడు.